కన్నీటి కాగితం

బద్వేలులో డాక్టర్ జ్ఞానమణి కంటి ఆసుపత్రి. రెండువేల ఆరు, కార్తీకం చివరి వారం, పొద్దున పదకొండు. పరీక్ష గదిలోకి ఒక మగమనిషి, అతని వెనక కొంగు తలమీదికి లాక్కున్న ఒక ఆడమనిషి వచ్చారు. తలుపు గడియ పడింది.

"తలుపెందుకు వేశావయ్యా? బయట పేషెంట్లున్నారు."

"పంపించేసినాం మేడం. మీ కాంపౌండరు బొజ్జన్న ఉండాడే, ఆయప్పను మా వాళ్ళు జీపులో కూచోబెట్టినారు. ఏం చెయ్యరులే. ఒగ గంట పని."

"ఎవరు మీరు?"

"నా పేరు రాజశేఖర్. ఈమె మా వదిన, స్వర్ణలత. మా అన్న పేరు చెప్తే మీకే తెలుస్తాది. శేషన్న."

"శేషన్న... అంటే మొన్న నల్లమల ఘాట్ రోడ్డులో..."

"ఆ. ఈ పొద్దుకు పదకొండు దినాలు."

"పేపర్లో చూశాను. నీ చేతిలో ఆ తువ్వాల్లో చుట్టింది ఏంటి?"

"ఏముంటే ఏమి మేడం. ఇట్ల టేబుల్ మీద పెడతాండా. మీ పని మీరు చేయండి."

"కొడవలి నా టేబుల్ మీద పెట్టి పని చెయ్యమంటే ఎట్లా చేస్తాను? తియ్యి దాన్ని."

"తియ్యను. మా వదిన కండ్లు చూసి ఒగే ఒగ మాట చెప్పండి. ఈ కండ్లలో నీళ్ళొస్తాయా, రావా? అంతే. చెప్పినారంటే పోతాం."

"ఏం బాధమ్మా నీకు?"

"ఆమెనడగొద్దు. నన్నడగండి."

"కళ్ళు ఆమెవయ్యా."

"ఆమె నోట్లోంచి వచ్చేది ఏదీ నమ్మేటట్టు లేము మేడం. అందుకే మీకాడికి వచ్చినాం. మా ఊరికి దగ్గర్లో కండ్ల డాక్టర్లు లేకనా? అందరూ మాకు తెలిసినోళ్ళే. భయానికో, మొగమాటానికో అబద్ధం చెప్తారు. మీరు మమ్మల్ని ఎరగరు."

"ముందు కూర్చో. అమ్మా, నువ్వు కూడా కూర్చో. ఏం జరిగింది?"

"మా అన్నను ఇంటికి ఎట్ల తెచ్చినారో తెలుసునా మీకు? దుప్పట్లో. ఘాట్ మలుపులో జీపు ముందర బాంబేసినారు. జీపు పోయి బండకు కొట్టుకునింది. మా అన్న దిగి అడివిలోకి పరిగెత్తినాడు. ఇరవై అడుగులు పోలేదు. పదేడు వేట్లు మేడం. కుడిచెయ్యి చెట్టుకింద దొరికింది. దాన్ని తెచ్చి పక్కన పెట్టినోణ్ణి నేనే."

"రాజా..."

"గమ్మునుండు వదినా. అట్లాంటి శవాన్ని వాకిట్లో దించితే ఊరు ఊరంతా రొమ్ము బాదుకునింది. మా అమ్మ మూడుసార్లు పడిపోయింది. ఈమె, కట్టుకున్న పెండ్లాం, గోడకు ఆనుకోని చూస్తాండాది. నిప్పుల మాదిరి ఎర్రగా ఉండాయి కండ్లు. ఒగ చుక్క రాలే. పదకొండు దినాలైనా రాలే."

"వస్తాది మేడమ్మా. గొంతు దాకా వస్తాది. రెప్పల కాడికొచ్చి ఆగిపోతాది."

"చూసినారా? ఇట్లనే చెప్తాది."

"రాజశేఖర్, నేను కంటి డాక్టర్ని. మనిషి ఎందుకు ఏడవలేదో చెప్పే మిషను నా దగ్గర లేదు. ఏడుపు రాలేదని ఇంత దూరం కొడవలి పట్టుకొచ్చావా?"

"ఏడుపు కోసరం కాదు. వినండి. మా అన్న మహానందికి ఎప్పుడు పోయినా మైదుకూరు, ఆళ్ళగడ్డ మీదనే పోతాడు. ముందొగ సుమో, ఎనకొగ సుమో. ఆ పొద్దు దారి మార్చినాం. పోరుమామిళ్ళ, గిద్దలూరు మీద, ఒంటి జీపు, చప్పుడు లేకుండా. ఆ సంగతి తెలిసినోళ్ళం నలుగురం. మా అన్న, నేను, జీపు తోలిన ఈరప్ప, ఈమె. మా అన్న సచ్చిపాయె. నేను చెప్పలే. ఇంగ ఎవరు మిగిలినారు?"

"ఈరప్ప ఎక్కడున్నాడు?"

"మా తోటలో, మోటరు షెడ్డులో. కట్టేసినాం. ఈడ మీరు చెప్పే మాటను బట్టి ఆడ పని."

"ఏం పని?"

"మా నాయన తిమ్మయ్య ఒగటే మాట చెప్పినాడు. దాని కండ్లు బాగుండి ఏడవలేదంటే, ఏడవాల్సిన అవసరం లేక ఏడవలేదు. దాన్ని ఇంటికి తేవద్దన్నాడు. కండ్లల్లో నిజంగానే రోగముంటే, ఆమె నా కోడలు, పువ్వుల్లో పెట్టి తీసుకరా అన్నాడు. అప్పుడు ఈరప్ప లెక్క తేలుస్తాం."

"అంటే నేను ఏది చెప్పినా ఈ పొద్దు ఒకరు చస్తారు."

"తప్పు చేసినోళ్ళు సస్తారు."

"నేను చెయ్యను పరీక్ష. పొండి."

"చెయ్యకపోతే ఇద్దరూ పోతారు మేడం. మా నాయనకు ఓపిక లేదు."

"నీ జేబులో వేసుకున్న నా ఫోన్ ఇటివ్వు."

"పోయేటప్పుడు ఇస్తా."

"చెయ్యండి మేడమ్మా."

"నీకు తెలిసే అంటున్నావా, అమ్మా?"

"తెలిసే అంటాండా. చేస్తే ఒగరు, చెయ్యకపోతే ఇద్దరు. ఇంగ ఈ మంట తట్టుకోలేకుండా ఉండా. రెప్ప వేస్తే ఇసుక రాసినట్లుంటాది, తీస్తే గాలి కోస్తాది. దానికన్నా ఏదో ఒగ మందు దొరుకుతాది కదా."

జ్ఞానమణి లేచి దీపం ఆర్పింది. పరీక్ష మిషను స్విచ్చి వేసింది.

"గడ్డం ఇక్కడ పెట్టు. నుదురు ఆనించు. నా చెవి వైపు చూడు... ఎప్పట్నుంచి ఈ మంట?"

"రెండేండ్లాయె. మొదట్లో మాపటేళ మాత్రమే ఉండె. వంటింటి పొగ అనుకుంటి. మెడికల్ షాపులో ఎరుపుకు చుక్కల మందిచ్చిరి. ఏస్తే రెండుదినాలు తెల్లబడతాది, మళ్ళీ ఎర్రబడతాది."

"ఉల్లిగడ్డలు తరిగితే?"

"రావు. మా తోటికోడండ్లు నవ్వుతాండ్రి. పెండ్లికి ఉల్లిగడ్డలన్నీ నా ముందరే పోసేటోళ్ళు."

"ఆ మాట నిజమేనా రాజశేఖర్?"

"ఆడోళ్ళు ఏం తరుగుతారో నాకేం తెలుసు మేడం."

"పైకి చూడమ్మా. కిందికి... ఇదేంటి? ఏం పోశారు ఈ కళ్ళల్లో?"

"ఏం లేదు."

"ఏం లేకుండా నల్లగుడ్డు ఇట్లా గీరుకుపోదు. రెండు కళ్ళూ ఒకే తీరుగా. చెప్పు."

"వదినా, చెప్పొద్దు."

"మిరప్పొడి మేడమ్మా. మూడో దినం. మా అత్త వెంకటలక్ష్మమ్మ తలకాయ పట్టుకునింది, ఇంగొగామె చేతులు పట్టుకునింది. రెప్పలు తీసి రుద్దినారు. అట్లన్నా నీళ్ళొస్తాయేమో చూస్తామని."

"వచ్చాయా?"

"అరిసినా. వాంతి చేసుకున్నా. నీళ్ళు రాలే."

"నువ్వు ఎక్కడున్నావు రాజశేఖర్ అప్పుడు?"

"వాకిట్లో."

"వినపడిందా?"

"వినపడింది."

"వినపడి కూర్చున్నావా?"

"మేడం, నా అన్నను దుప్పట్లో మూట కట్టి తెచ్చినారు. ఒగ ఆడమనిషి అరుపుకు లేసేటట్టు ఉంటినా నేను? మీరు నీతులు చెప్పొద్దు. ఆ మిరప్పొడితోనే కండ్లు ఎండిపోయినాయేమో, అది చెప్పండి. పాతరోగమా, కొత్తదా?"

"మంచి కంట్లో మిరప్పొడి పడితే ధార కడుతుంది. రెండు గంటలు ఆగదు. ఎనిమిది రోజుల కింద రుద్దితే ఈ కళ్ళు తడవలేదంటే, అప్పటికే ఎండి ఉన్నాయని. ఆ గీరిన తావు మూడు రోజుల్లో మానిపోవాల్సింది, ఇంకా మానలేదు. ఇదిగో, ఈ పక్కన దారపు పోగుల్లాగా జిగురు వేలాడుతోంది. ఇది వారంలో వచ్చేది కాదు."

"మాటలొద్దు. కొలత చూపించండి. నాకు కొలత కావాల."

"చూపిస్తాను. ఇదిగో, ఈ కాగితం పట్టీ. కింది రెప్పలో మడిచి పెడతాను. అయిదు నిమిషాలు. కన్నీళ్ళుంటే కాగితం తడుస్తుంది. పదిహేను గీతల దాకా తడిస్తే కన్ను మంచిది. అయిదు లోపలైతే ఎండిపోయినట్టు."

"ఆ కాగితం మంచిదని నేనెట్ల నమ్మాల?"

"నీ కంట్లో కూడా పెడతాను. అదే పొట్లంలోది. ఏది ఎవరికి పెట్టాలో నువ్వే తీసివ్వు."

"నాకెందుకు?"

"కొలత కావాలన్నావు కదా. రెండూ పక్కపక్కన పెట్టి చూడు."

"...పెట్టండి."

"పైకి చూడు. కదలకు. ఆ. ఇప్పుడు మెల్లగా కళ్ళు మూసుకో."

"మూసుకోను."

"పరీక్ష అట్లాగే చెయ్యాలి."

"మేడం, పదేండ్లాయె నేను మనుషుల ముందర కండ్లు మూసుకోని. బస్సులో గూడా నిద్రపోను. ఒగ కన్ను మూస్తా. రెండోది మూయను."

"సరే. నీ ఇష్టం. అమ్మా, నువ్వు మూసుకున్నావా? గడియారం చూడు రాజశేఖర్, తెరిచిన కంటితో. అయిదు నిమిషాలు నువ్వే చెప్పు."

ఫ్యాను తిరుగుతోంది. బయట జీపు హారను ఒకసారి మోగి ఆగింది.

"రాజా."

"మాట్లాడొద్దు వదినా."

"నోరు మాట్లాడొచ్చు కదా మేడమ్మా?"

"మాట్లాడొచ్చు."

"రాజా, మీ అన్న మహానందికి ఎందుకు పోతాండెనో మేడమ్మకు చెప్పు."

"మొక్కు."

"ఏం మొక్కు?"

"మొక్కంటే మొక్కే. కోనేట్లో మునిగి దీపం పెట్టి వస్తాడు. నీకు తెలీదా?"

"నాకు తెలుసు. మేడమ్మకు తెలీదు."

"వదినా!"

"తిరిగొచ్చినాక ఒగ పని ఉండె మేడమ్మా. ఆ పని బాగా జరగాలని మొక్కు. పెద్దసుబ్బయ్య అని, మాకు పగోడు. వాళ్ళ వర్గం పిల్లోనికి కలసపాడు అవతల పెండ్లి. పెండ్లి బస్సు రాత్రికి తిరిగొస్తాది. బస్సు ముందర ఒగ బాంబు, ఎనక ఒగ బాంబు. ఆగినాక కిటికీల్లోకి పెట్రోలు."

"పెళ్ళి బస్సా?"

"నలభై మంది మేడమ్మా. పెండ్లికూతురు. ముసిలోళ్ళు. చంకబిడ్డలు."

"బస్సులో పెద్దసుబ్బయ్య ఉంటాడని చెప్పినారు మాకు. ఆయన కోసరం. ఆడోళ్ళను దించేస్తామనుకుంటిమి."

"పెట్రోలు ఎవరు కొనుక్కొచ్చిరి రాజా?"

"నేనే."

"దించేటోళ్ళు పెట్రోలు రెండు క్యాన్లు తెస్తారా?"

"వాళ్ళు మా చిన్నాయన్ను సంతలో నరకలేదా? మా మేనమామను టీ అంగట్లో, గ్లాసు చేతిలో ఉండంగానే నరకలేదా? అప్పుడు ఎవరన్నా ఎవర్నన్నా దించినారా? మేడం, ఈమె ఇట్లనే మాట్లాడతాది. ఇంట్లో గూడా ఇట్లనే. మా అన్నతో గూడా."

"మీ ఆయన ఏమన్నాడమ్మా?"

"ఏమంటాడు. గుండెల మీద తన్నినాడు. ఆడదానివి, పొయ్యికాడ ఉండు అన్నాడు. తన్నినా ఏడుపు రాలే. మొండిది అన్నాడు."

"మా అన్న చెయ్యి జేసుకున్నా మంచోడే. నన్ను చదివించినాడు. టైఫాయిడ్ వచ్చి పడిపోతే కడప ఆసుపత్రికి భుజాన ఏసుకోని పోయినాడు, నాకు పన్నెండేండ్లప్పుడు. ఆ చేతినే నేను చెట్టుకింద నుంచి... ఆ చెయ్యినే... వాచీ ఇంగా ఆడతానే ఉండె మేడం దాని మీద..."

"రాజశేఖర్, కాగితం తడిసిపోయింది. తియ్యనా?"

"ఇంగ రెండు నిమిషాలు ఉండాది."

"చివరి దాకా తడిసింది. ఇంక తడవడానికి కాగితం లేదు."

"అది... కాగితం తగిలి కారింది."

"కాగితం తగిలినా కారాలి, దుఃఖం తగిలినా కారాలి. మంచి కన్నంటే అదే. ముప్పై అయిదు గీతలు. చూసుకో."

"ఈమెది తియ్యండి."

"అయిదు నిమిషాలు అవ్వనీ. నిన్నే చెప్పమన్నాను కదా."

"...అయింది. తియ్యండి."

"కుడివైపు, రెండు గీతలు. ఎడమవైపు, ఒకటిన్నర. నువ్వే పట్టుకో. వెలుతుర్లో చూడు."

"పొడిగానే ఉండాది."

"పొడిగానే ఉంది."

"ఇంగొగసారి పెట్టండి."

"వద్దు. ఆమె కన్ను ఇప్పటికే గాయం. దానికి బదులు ఇంకొకటి చూపిస్తాను. ఈ రంగు చుక్క వేస్తున్నానమ్మా, కొంచెం చురుక్కుమంటుంది. రాజశేఖర్, ఇక్కడికి రా. ఈ గొట్టంలో నుంచి చూడు. నీలం లైటు వేశాను. ఏం కనపడుతోంది?"

"పచ్చగా... చుక్కలు. శానా ఉండాయి. అగ్గిరవ్వలు పడి గుడ్డ కాలిన మాదిరి."

"ఆ పచ్చ చుక్కలన్నీ పైపొర లేచిపోయిన తావులు. మంచి కంటికి ఇట్లా ఒకటో రెండో ఉంటే ఎక్కువ."

"ఎవరు చేసినారు ఇది? మిరప్పొడేనా?"

"గీతలు మిరప్పొడివి. చుక్కలు రోగానివి. అమ్మా, నోరు ఎండుతుందా? రొట్టె తింటే మింగుడు పడుతుందా?"

"నీళ్ళు తాగకుండా మింగలేను మేడమ్మా."

"పళ్ళు?"

"నాలుగు పుచ్చిపాయె."

"పొద్దున లేచేటప్పటికి వేళ్ళు బిగుసుకుపోతాయా?"

"ముంత పట్టుకోలేను. మీకెట్ల తెలుసు?"

"ఈ రోగం కంటితో ఆగదు. అందుకే అడిగాను. కన్ను ఎండిపోవడమంటే ఊరికే నీళ్ళు తగ్గిపోవడం కాదు. మేం ఇన్‌ఫ్లమేషన్ అంటాం. లోపల రగులుతూ ఉండడం. ఒంట్లో జబ్బుల మీద పోరాడే కణాలుంటాయి, కాపలావాళ్ళు. ఎందుకో ఒకనాడు అవి సొంత కన్నీటి గ్రంథుల మీదే పడతాయి. గ్రంథి దెబ్బతింటే నీరు తగ్గుతుంది. నీరు తగ్గితే ఉన్న నీళ్ళల్లో ఉప్పెక్కువై కంటి పైపొర మండుతుంది. మండిన పొర ఇంకా కాపలావాళ్ళను రమ్మని కబురు పంపుతుంది. వాళ్ళొచ్చి ఇంకా కొడతారు. ఇంకా ఎండుతుంది. ఇంకా మండుతుంది."

"అంటే వాళ్ళొగటేస్తే మనమొగటి ఎయ్యడం."

"ఇక్కడ వాళ్ళూ మనమూ లేరు రాజశేఖర్. అన్నీ ఆమె ఒంట్లోవే."

"దీన్ని ఆపేదెట్ల మేడమ్మా?"

"ఉత్త నీళ్ళ చుక్కలు వేస్తే కాసేపు చల్లగా ఉంటుంది, రగులుడు ఆగదు. రగులుడునే ఆపే చుక్కలు ఈ మధ్యనే వచ్చాయి. రెండు పూటలా వెయ్యాలి. ఫలితం తెలియడానికి మూడు నెలలు పడుతుంది. అంతవరకు వేరే మందు కొద్ది రోజులిస్తాను, అది నేను చెప్పినన్నాళ్ళే. షాపులో మళ్ళీ మళ్ళీ కొంటే కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపే పోతుంది. ఎరుపుకు వేసుకున్న ఆ చుక్కలు అదే రకమేమో, సీసా చూపించు. రక్తపరీక్ష కూడా చెయ్యాలి. కడపకు పంపాలి. వారం పడుతుంది. రాజశేఖర్, ఆ వారం దాకా..."

"వారం లేదు మేడం."

"పరీక్ష పూర్తి కాలేదంటున్నాను."

"నాకు పూర్తయింది. రెండు గీతలు. ఒగటిన్నర గీత. నా కండ్లారా చూసినా. ఒగ మాట చెప్పండి. ఈమెకు ఏడవాలనున్నా నీళ్ళు రావు. అవునా, కాదా?"

"విను. కళ్ళల్లో నీళ్ళు ఊరవు, అంతవరకే చెప్పగలను. ఎవరు తప్పు చేశారు, ఎవరు చెయ్యలేదు అనేది ఈ కాగితం చెప్పదు. ఆమె మీద చెప్పదు, ఈరప్ప మీద అంతకన్నా చెప్పదు."

"అవునా, కాదా?"

"...అవును. రావు."

"అంతే."

"రాజశేఖర్!"

"వదినా, ఇట్ల చూడు. లేదులే, కండ్లు తెరవొద్దు, మంట పుడతాది. నీ కాళ్ళకు మొక్కుతాండా. తప్పు జరిగిపోయింది. మా అమ్మ చేసింది గూడా నా తప్పే అనుకో. వాకిట్లో కూచోని విన్నోణ్ణి నేను. పదకొండు దినాలు నిన్ను మా వదినవి కాదు, పగదానివి అనుకుంటి. మా అన్న ఉంటే నన్ను నరికేటోడు."

"లెయ్యి రాజా. కాళ్ళు పట్టుకోవద్దు."

"మందులు ఎన్ని నెలలైనా సరే. నెలనెలా నేనే పిలుచుకొస్తా. మేడం, రాయండి. ఏది మంచిదైతే అది రాయండి. ఇంగో, మీ ఫోను. ఉండండి, నాది ఒగ కాల్ చేసుకోని ఇస్తా... నాయనా. నేను. ఆ, అయిపాయె. వదిన కాదు నాయనా. నిజంగానే రోగముండాది. నేను చూసినా, అద్దంలో నుంచి నేనే చూసినా. ఆ. వాడే. ఇంగెవరుండారు, వాడే. నేను వచ్చేదాకా ఎందుకు... సరే. చెయ్యి గూడా అట్లనే, కుడిచెయ్యి. మొదట చెయ్యి. ఆ. రెండు గంటల్లో వస్తాం."

"ఏం చెప్పావు? ఫోన్లో ఏం చెప్పావు రాజశేఖర్?"

"మీకు సంబంధం లేదు మేడం. మందులు రాయండి."

"నేను చెప్పిన మాట పట్టుకొని మనిషిని చంపుతావా? నేను పోలీసులకు చెప్తాను."

"చెప్పండి. బొజ్జన్న ఇల్లు కూడా చూసి పెట్టుకున్నాం మేం. మీరు మంచోళ్ళు, నిజం చెప్పినారు. అట్లనే ఉండండి."

"ఆ ఈరప్ప తప్పు చేశాడని ఏముంది నీ దగ్గర? జీపులో ఉన్నాడు. అతనికి కూడా బాంబు దెబ్బ తగిలి ఉంటుంది కదా."

"కాలికి తగిలింది. సావలేదు కదా. మా అన్న సచ్చినకాడ వాడొగడు బతికినాడంటే ఏమనుకోవాల?"

"రాజా. కుంటుతానే మీ అన్నను రోడ్డు దాకా మోసుకొచ్చింది ఈరప్పే కదా?"

"అది నాటకం వదినా."

"రక్తం కారే కాలితో మోసుకొచ్చింది నాటకమా?"

"నువ్వు మెత్తని దానివి. నీకు తెల్దు. పా, లెయ్యి. జీపు ఎక్కుదాం."

"ఆ షెడ్డులో ఎవరుండారు ఇప్పుడు?"

"నాయన, మన పిల్లోళ్ళు నలుగురు. ఎందుకు?"

"అయిపోయి ఉంటాదా?"

"లేదు. మొదట అడుగుతారు. ఎవరికి చెప్పినావు, ఎంత తీసుకున్నావు అని. ఒప్పుకున్నాకనే. ఎందుకు వదినా? ఎందుకట్ల గోడ పట్టుకున్నావు?"

"ఏం చెప్పి ఒప్పుకుంటాడు వాడు. వానికేం తెలుసు."

"అమ్మా, స్వర్ణలతా, కూర్చో. కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు మేడమ్మా. బాగనే ఉండా. మీరు అబద్ధం చెప్పలే. నా బతుకు నిలబెట్టినారు. మీకు దండం. ఆ చీటి రాయొద్దులే, ఆపండి."

"ఎందుకు రాయొద్దు? రాయండి మేడం. వదినా, ఏమైంది నీకు?"

"రాజా, ఫోన్ తియ్యి. మీ నాయనకు చెయ్యి. ఈరప్ప కట్లు ఇప్పమను."

"ఎందుకు?"

"వాని తప్పేమీ లేదు."

"ఎట్ల తెలుసు నీకు?"

"ముందు ఫోన్ చెయ్యి. మోగుతాందా? మీ నాయన ఎత్తినాడా?"

"ఎత్తినాడు. లైన్లో ఉండాడు. ఏం చెప్పాల?"

"నా కండ్లల్లో నీళ్ళు లేనిది నిజమే అని చెప్పు. మీ అన్న కోసరం ఈ పదకొండు దినాలూ నేను లోపల్లోపల ఏడ్చింది గూడా నిజమే అని చెప్పు. ఆ బస్సు ఇంటికి చేరాలని, గిద్దలూరు దారిలో ఒంటి జీపులో వస్తాడని పెద్దసుబ్బయ్య ఇంటికి ఫోన్ చేసింది నేనే అని చెప్పు."